మా రోజుల్లో పేరు ఊరికే రాలేదు

సముద్రం అడుగున కనిపించిన ప్రాణి పేరు తెలుసుకోవడానికి ఇప్పటి కుర్రాళ్లకు ఎంతసేపు పడుతోందో చూస్తున్నాను. ఒంటి మీద ఉప్పునీళ్లు ఆరేలోపు తెలిసిపోతోంది. బారువ ఒడ్డున పడవ దిగుతారు, తీసిన ఫోటోను ఫోన్‌లోకి ఎక్కిస్తారు, టీ బడ్డీ దాకా నడిచేలోగా లాటిన్ పేరు వచ్చేస్తుంది. ఆ పేరు తగిలించి ఫోటోను పదిమందికీ పంపిస్తారు. అంతే, ఆ ప్రాణితో వాళ్ల పని అయిపోయింది. అది ఏం తింటోంది, దేని మీద పాకుతోంది, పక్కన గుడ్లున్నాయా అని అడిగితే నా మొహంలోకి చూస్తారు. మా రోజుల్లో పేరు చివర్న వచ్చేది. ఇవన్నీ తెలిశాకే వచ్చేది.

నేను చెబుతున్నది గుల్ల లేని సముద్రపు నత్తల సంగతి. టెక్కలిలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా కప్ప, బొద్దింక, వానపాము చెప్పాను గాని మనసు మాత్రం వీటి మీదే ఉండేది. ఆల్చిప్పలూ ఆక్టోపస్‌లూ చేరిన మొలస్కా వర్గంలోనివే ఇవీను. వీటి పూర్వీకులకు గుల్ల ఉండేది. తరాలు గడిచేకొద్దీ అది కొన్నిట్లో ఒంటి లోపల చిన్న పలుకుగా మిగిలింది, చాలావాటిలో పిల్లదశ దాటగానే ఊడిపోతుంది. మెత్తని ఒళ్లు, తలదాచుకోవడానికి చిప్ప లేదు. అందుకని చేదునూ విషాన్నీ నమ్ముకున్నాయి. స్పంజికను తినే నత్త ఆ స్పంజికలోని చేదును తన ఒంట్లో పెట్టుకుంటుంది. కొమ్మల్లా పెరిగే హైడ్రాయిడ్ అనే ప్రాణిని తినేది దాని కుట్టే కణాలను పేలకుండా మింగి, వీపు మీద వేళ్లలా లేచి ఉండే సెరాటాల కొసల్లో దాచుకుంటుంది. తనను కరవడానికి వచ్చిన చేప నోట్లో అవి పేలతాయి. ఒంటి మీది నారింజ, నీలం, పసుపు రంగులు మనకు అందంగా కనిపిస్తాయి, చేపకు అవి హెచ్చరిక.

వీటిని చూడడానికి నీళ్లలోకి దిగడమనేది మా కాలంలో ఊహకు కూడా అందలేదు. పంచాంగం చూసి, అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం బాగా వెనక్కి తగ్గే పాటు వేళ ఎప్పుడో లెక్కకట్టుకునేవాళ్లం. కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం పక్క డొంకూరు దాకా మన శ్రీకాకుళం జిల్లాది చాలామటుకు ఇసుక తీరం. రాళ్లు కావాలంటే విశాఖ వైపు పోవాల్సిందే. 1970ల్లో వాల్తేరులో చదువుకుంటున్నప్పుడు తెల్లవారుజామున లాసన్స్ బే రాళ్ల మీదికి పోయేవాళ్లం. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క రాయీ తిప్పి చూసి, మళ్లీ అదే వైపు అదే గుంటలో పెట్టాలి. పెట్టకపోతే మా మాస్టారు ఊరుకునేవారు కాదు. రాయి కింది ప్రాణులకు ఎండ తగిలితే చచ్చిపోతాయి మరి. ఇసుక రేణువుల మధ్య బతికే ప్రాణుల మీద వాల్తేరులో పి.ఎన్. గణపతి గారూ ఆయన శిష్యులూ పనిచేసి పేరు తెచ్చిన బడి అది. పిడికెడు తడి ఇసుకలో ఎంత లోకం ఉందో ఆ బడిలో చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నత్త దొరికితే ఎనామిల్ పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి వదిలేవాళ్లం. భయపడ్డ నత్త ముద్దగా ముడుచుకుపోతుంది. అది మళ్లీ ఒళ్లు చాచి, తల మీద వాసన పట్టే రెండు కొమ్ములూ బయటికి తీసి, వీపు వెనక మొప్పల గుత్తి విప్పేదాకా కదలకుండా కూర్చోవాలి. అప్పుడు నీటిరంగులతో బొమ్మ వెయ్యాలి. ఎందుకంటే ఫార్మలిన్‌లో పడ్డాక ఆ రంగులు నిలవవు. కొన్నాళ్లకు సీసాలో మిగిలేది తెల్లగా పాలిపోయిన ముద్ద. బొమ్మ సరిగ్గా వెయ్యనివాడి నమూనా సగం వృథా. బొమ్మ అయ్యాక మాగ్నీషియం క్లోరైడ్ నీళ్లలో మత్తు ఎక్కించి అప్పుడు ఫార్మలిన్. తరవాత నోట్లోని రాడ్యులాను, అంటే పళ్ల వరసలున్న నాలుకను, కాస్టిక్ పొటాష్‌లో మరిగించి తీసి, మైక్రోస్కోపు కింద వరసలు లెక్కపెట్టి, కెమెరా లూసిడాతో గీసి, అన్నీ కట్టి కలకత్తాకో మద్రాసుకో ఉత్తరం రాసేవాళ్లం. జవాబుకు నెలలు పట్టేది. కొన్నిసార్లు ఆ జవాబులో ఉండేది ఒకే ముక్క: మీరు అనుకున్నది ఇది కాదు, మళ్లీ చూడండి. మళ్లీ చూసేవాళ్లం.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. నల్లటి ఒళ్లు, మీద పసుపు బొడిపెలు ఉన్న ఫిల్లిడియా అనే నత్త ఉంది. ముట్టుకుంటే విషం వదులుతుంది కాబట్టి చేపలు దాని జోలికి రావు. దాని వేషం వేసుకున్న బల్లపరుపు పురుగులు కూడా సముద్రంలో ఉన్నాయి. పైనుంచి తీసిన ఫోటోలో రెండూ ఒకటే. పక్కనుంచి చూస్తే పురుగు అంచు కాగితమంత పల్చగా అలలు అలలుగా కదులుతుంది, దానికి ఆ కొమ్ములూ ఉండవు. నత్తల్లోనూ రంగు మారుతుంది. ఒకే జాతిలో పిల్లది ఒక రంగు, ముదిరింది ఇంకో రంగు, వేరే సముద్రంలో పెరిగింది మరో రంగు. గుడ్లు పెట్టే తీరు కొన్నిట్లో జాతిని పట్టిస్తుంది: కొన్ని చుట్టలు చుట్టిన రిబ్బనులా పెడతాయి, కొన్ని సన్నని తాడులా హైడ్రాయిడ్ కొమ్మలకు అల్లుతాయి. ఏం తింటోందో తెలిస్తే సగం పని అయినట్టే. పైకి ఒకేలా ఉన్న రెండు నత్తలు రెండు వేర్వేరు స్పంజికల మీద బతకవచ్చు. ఒక్క ఫోటోలో ఇవన్నీ ఎక్కడ పడతాయి?

ఈ తీరపు నత్తలకు పుస్తకంలో పేర్లు పడిన కథ నా విద్యార్థులకు ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. వాల్టర్ ఎలియట్ 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనర్. అమరావతిలో తవ్వించి ఆ శిల్పాలను మద్రాసుకు పంపింది ఆయనే. మన మొక్కల తెలుగు పేర్లు ఊరూరా సేకరించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకం అచ్చువేసింది కూడా ఆయనే. కచేరీ పని చూసుకుంటూనే 1850ల తొలి ఏళ్లలో వాల్తేరు రాళ్ల దగ్గర నత్తలు పట్టించి, అవి బతికుండగానే ఇక్కడి చిత్రకారుడి చేత రంగుల్లో బొమ్మలు వేయించాడు. సారాయిలో పెట్టిన నమూనాలూ, బొమ్మలూ, కొలతలూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు చేరాయి. అక్కడ జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ అని ఇద్దరు, బ్రిటన్ తీరపు నత్తల మీద గొప్ప గ్రంథం రాసినవాళ్లు, వీటిని పరీక్షించి 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌లో ప్రకటించారు. ప్లాటిడోరిస్ ఎల్లియోటీ ఆ వ్యాసంలోదే. ఫిడియానా మిలిటారిస్ అని ఇప్పుడు పిలిచే నత్త కూడా అందులోదే. నూట అరవై ఏళ్లు దాటినా ఆ వర్ణనలు పనికొస్తున్నాయంటే, ముందు బతికున్నదాన్ని చూసి రంగు పట్టుకున్నారు, తరవాత కోసి లోపల చూశారు, ఎక్కడ దొరికిందో రాసిపెట్టారు కాబట్టే. ఆ బొమ్మలు వేసిన మన మనిషి పేరు ఆ వ్యాసం తలకట్టులో లేదు, రాళ్ల మీద వంగి నత్త పట్టుకొచ్చిన జాలరి పేరూ లేదు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ వ్యాసంలోనే ఆల్డర్, హాంకాక్ ఒక కొత్త ప్రజాతికి మన ప్రాంతం పేరే పెట్టారు, కళింగా అని. దాని జాతి కళింగా ఆర్నేటా. పలాస, సోంపేట, టెక్కలి, అంతా కళింగ నేలే. ఆ నత్త అరచేయి పొడుగు పెరుగుతుంది. మసక గాజులాంటి ఒంటి మీద ఎర్రటి మొనలున్న బొడిపెలు. చీకట్లో కదిలిస్తే ఒళ్లు వెలుగుతుంది. రాళ్లతో పనిలేదు దానికి, ఇసుకా బురదా కలిసిన అడుగున తిరుగుతూ, తాకితే విరిగిపోయే పెళుసు చేతుల సముద్ర నక్షత్రాలను తింటుంది. కె. వీరభద్రరావు గారు దాని ఒంటి నిర్మాణం మీద 1936లో రికార్డ్స్ ఆఫ్ ది ఇండియన్ మ్యూజియంలో దాదాపు 40 పేజీల వ్యాసం రాశారు. ఒక్క నత్త మీద 40 పేజీలు! ఇప్పుడు దాని ఫోటో కింద మూడు ముక్కలు రాసేవాడు దొరకడం లేదు. కళింగలో పుట్టి కళింగాను చూడకుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతున్నారు మా పిల్లలు.

నేను దాన్ని మొదటిసారి చూసింది వాల్తేరులో కాదు, నువ్వలరేవు ఒడ్డున. ఆ రోజుల్లో అలివి వల లాగుతుంటే ఊరు ఊరంతా తాడు పట్టేది. వల ఒడ్డెక్కాక కవళ్లు ఒక పక్క, నెత్తళ్లు ఒక పక్క, పీతలు ఒక పక్క ఏరి, మిగిలిన చెత్త ఇసుక మీద పారబోసేవారు. నాకు కావలసినది ఆ చెత్తే. నేను అందులో వేళ్లు పెట్టి వెతుకుతుంటే చేపలు ఏరుతున్న ముసలమ్మ ఒకావిడ అడిగింది.

"ఏటి మేస్టారూ, తిన్డానికి పనికిరాని జిగురుముద్ద నీకేటికి?"

"దీని సంగతి రాసుకుంటానమ్మా. ఇది ఎక్కడ దొరుకుతుంది?"

"ఆరేడు బారల నీటికాడ. బురద కలిసిన ఇసక ఉంటాది సూడు, అక్కడ. వట్టి ఇసక కాడ అవుపడదు."

నేను పుస్తకాల్లో చదువుకున్న సంగతే ఆవిడ నిలబడి చెప్పేసింది, అదీ లోతుతో సహా. అటుపైన ఏ ఊరి ఒడ్డుకు పోయినా ముందు ఏరే ఆడవాళ్లనే అడిగేవాణ్ణి. మంచినీళ్లపేటలో గాని, భావనపాడులో గాని, అక్కుపల్లిలో గాని, ఏ వలకు ఏం పడుతుందో, ఏ కార్తెలో ఏం కనబడదో వాళ్ల నోట్లో ఉండేది. ఇప్పుడు అలివి లాగే జనమే లేరు. మగపిల్లలు గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీదికి వలసపోయారు. ఉన్నవాళ్లు ఇంజను తెప్పల మీద పోయి వచ్చీ రాగానే ఐసుపెట్టె మూత వేస్తున్నారు. ఇక డైవింగ్‌కు వచ్చే పిల్లలా, కారులో సిలిండర్లు తెచ్చుకుంటారు, దిగుతారు, తేలతారు, వెళ్లిపోతారు. ఊళ్లోకి అడుగు పెట్టరు. ఆ ముసలమ్మలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను పలకరించేవాళ్లు లేరు.

నేను కొత్త పనిముట్లకు శత్రువును కాను. నీళ్లలో తీసిన ఫోటో మా నీటిరంగుల కన్నా వెయ్యిరెట్లు నయం. నత్తను చంపకుండా దాని రంగు మొత్తం దక్కించుకుంటున్నారు, అది నిజంగా సంతోషం. మేం ఎన్ని నమూనాలు సీసాల్లో పెట్టామో తలుచుకుంటే నాకే బాధగా ఉంటుంది. నా కోపం ఆ కెమెరాతో చేస్తున్న పని మీద. ఫోటోలో నేపథ్యం బాగుండాలని నత్తను అది మేస్తున్న స్పంజిక మీంచి పీకి వేరే రాయి మీద పెడుతున్నారు. ఆ నత్త మళ్లీ తన తిండి దగ్గరికి చేరుకోవాలి, ఆ లోపు దాన్ని అల కొట్టేస్తే అంతే సంగతులు. పైగా ఆ ఫోటో చూసినవాడు ఆ రాయి మీదిదే దాని తిండి అనుకుంటాడు. ఇంకొకటి, స్థలం. కళింగపట్నంలో తీసినా బారువలో తీసినా విశాఖ అని రాసేస్తారు, ఇంకా బద్ధకమైతే ఇండియా అని రాస్తారు. తేదీ దగ్గర తీసిన రోజు కాక పంచుకున్న రోజు ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ 193 కిలోమీటర్లూ ఆ ఒక్క మాటలో మాయమైపోతున్నాయి.

టీవీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏది ఒడ్డుకు కొట్టుకొచ్చినా వింత జీవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తరవాత చెన్నై ఒడ్డున నీలి డ్రాగన్లు కనిపించాయి. గ్లాకస్ అంటారు, అవీ గుల్ల లేని నత్తలే. ఒళ్లు మూడు సెంటీమీటర్లు. గాలి బుడగ మింగి తలకిందులుగా నీటి మీద తేలుతూ, మనం ముట్టుకుంటే ఒళ్లు మండించే, జెల్లీచేపలాంటి నీలి ఫిసేలియాను తిని, ఆ కుట్టే కణాలనే ఒంట్లో దాచుకుంటాయి. ముట్టుకోవద్దు, చేతికి కుడుతుంది, అన్న ఒక్కమాట ముందు చెప్పాలా వద్దా? పిల్లలు అరచేతిలో పెట్టుకుని వీడియోలు తీసుకున్నాక ఏం లాభం.

మన ఇసుకలో ఏం లేదని వెళ్లిపోయేవాళ్లకు చెబుతున్నాను. పశ్చిమ బెంగాల్‌లోని దీఘా దగ్గరా, ఒడిశాలోని ఉదయపూర్ దగ్గరా ఇసుక తీరం మీదే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు కొత్త నత్తను పట్టుకున్నారు. దాని పొడుగు 7 మిల్లీమీటర్లు. గోధుమ నలుపు ఒళ్లు, వెనక కొసన కెంపు రంగు చుక్క. రాష్ట్రపతి పేరు మీద మెలనోక్లమిస్ ద్రౌపది అని పేరు పెట్టారు. పోటు తగ్గాక తడి ఇసుక మీద అది పాకిన గీత చూసి వంగినవాళ్లకు దొరికింది. అదే బంగాళాఖాతం, అలాంటి ఇసుకే మా డొంకూరులోనూ కవిటి పక్క ఊళ్లలోనూ ఉంది. సాయంత్రం బీచికి వచ్చేవాళ్లు ఆ గీతల మీంచే నడిచిపోతున్నారు.

ఇప్పుడు తొందరపడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన అయింది. పోర్టు అంటే అలలను ఆపడానికి సముద్రంలోకి రాళ్లకట్టలు వేస్తారు. ఇసుక తీరంలో రాయి పడితే ముందు నాచు, తరవాత బార్నకిల్స్, హైడ్రాయిడ్లు, స్పంజికలు అంటుకుంటాయి. వాటిని తినే నత్తలు వాటి వెనకే వస్తాయి. ఓడల అడుగుకు అంటుకుని దూరదేశపువి కూడా రావచ్చు. ఇదివరకు ఇక్కడ ఏమున్నాయో రాసిపెట్టుకోకపోతే, తరవాత కనిపించినది పాతదో కొత్తగా వచ్చినదో ఎవడు చెప్పగలడు? టెక్కలి, పలాస, సోంపేట కాలేజీల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలు బస్సెక్కితే చాలు, ఒడ్డుకు చేరిపోతారు. నెలనెలా అమావాస్యకు ఒకసారి పోయి రాసుకుంటే ఏం పోయింది? రికార్డు బుక్కులో పాత రికార్డు చూసి దించుకునే బొమ్మల కన్నా ఇది చదువు కాదా?

మొన్న సోంపేట కుర్రాడొకడు వచ్చాడు, మా మనవడి స్నేహితుడు. బారువ దగ్గర నీళ్లలో మునిగి ఉన్న చిల్కా అనే పాత పొగ ఓడ మీదికి విశాఖ డైవర్లతో కలిసి దిగాడట. ఫోన్ ముందుపెట్టి, "తాతగారూ, పేరు తెలిసిపోయింది, మీరు చూస్తారని తెచ్చాను" అన్నాడు. ఫోటో బాగా తీశాడు. తెల్లటి ఒళ్లు, తల దగ్గర నారింజ మచ్చలు, సెరాటాలు గుంపులు గుంపులుగా. ఫోన్ ఇచ్చిన పేరు క్రటేనా పెరెగ్రీనా. అది మధ్యధరా సముద్రపు నత్త. మన పశ్చిమ తీరపు క్రటేనాలను రూపంతోనూ డీఎన్‌ఏతోనూ పరీక్షిస్తే రెండు కొత్త జాతులు తేలాయి, 2020లో వాటికి వేరే పేర్లు పెట్టారు. ఒకదాని పేరు క్రటేనా పోషిత్రా, గుజరాత్‌లోని ఊరి పేరు మీద. మరి తూర్పు తీరంలో బారువ ఓడ మీదిది మధ్యధరాదని ఒక్క ఫోటో చూసి ఎలా ఒప్పుకుంటాను?

ఎంత లోతు అని అడిగాను. తన చేతి గడియారంలో నమోదై ఉంది, చెప్పాడు. దేని మీద ఉంది అంటే ఆలోచించి, "ఇనప రేకు మీద ఈకల్లాంటివి పెరిగాయి తాతగారూ, వాటి మీద" అన్నాడు. అవి హైడ్రాయిడ్లు. గుడ్లు చూశావా అంటే చూడలేదన్నాడు. ఎంత పొడుగు అంటే బొటనవేలి గోరు చూపించాడు. నా పుస్తకంలో తేదీ, బారువ, చిల్కా ఓడ, ఇనుము, హైడ్రాయిడ్ అని రాసి, కింద క్రటేనా, జాతి తేలలేదు అని రాశాను. వాడి మొహం చిన్నబోయింది. "ఉన్న పేరు తీసేశారేంటి తాతగారూ?" అన్నాడు. నువ్వు ఇంతసేపు చెప్పినవన్నీ దాని పేరు కన్నా గట్టివి, అవి ఈ తీరం గురించి ఇంకెవరూ రాసుకోనివి అని కూర్చోబెట్టి చెప్పాను. చాలాసేపు ఫోటోను పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాడు.

మహేంద్రతనయ వరద నీరు తగ్గి సముద్రం తేటపడ్డాక మళ్లీ దిగుతానన్నాడు. ఆ ఈకల్లాంటి వాటిని దగ్గరగా ఒకటి, నత్త తలను పక్కనుంచి ఒకటి, చుట్టుపక్కల గుడ్ల తాడు ఉంటే అదొకటి తియ్యమని, పక్కన చిన్న స్కేలు పెట్టమని, నత్తను మాత్రం కదపొద్దని కాగితం మీద రాసిచ్చాను.